అద్దాలెత్తిన కారులో అమ్మ పాపసంకీర్తనం

మా అమ్మకు చెవులు వినపడవు. వినపడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆమె గుసగుసలాడితే మేడ్చల్ బస్టాండులో వినిపిస్తుందని మా ఇంట్లో పరాచికం. చెవి మిషన్ కొనిస్తే, అందులో ఈలలు వస్తున్నాయని తీసేసి పోపుల డబ్బాలో పడేసింది. గుండెకు వాల్వు మార్చాలని డాక్టరు ఆపరేషన్ తేదీ ఇచ్చేదాకా ఇదంతా మాకు నవ్వులాటగానే ఉండేది.

తేదీ ఖాయమైన సాయంత్రం అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తేల్చి చెప్పింది. "నా మీద చావైన పాపమున్నది బిడ్డా. అది ఒప్పుకోకుంట నేను ఆపరేషన్ బల్ల మీద పండుకోను."

మేము కథోలికులం. గురువుకు పాపాలు చెప్పుకొని దేవుడి క్షమాపణ పొందడాన్ని పాపసంకీర్తనం అంటాం. చావైన పాపమంటే ఆత్మను చంపేసేంత పెద్ద పాపం. దాన్ని మీదుంచుకుని పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదు, దాంతో చనిపోతే నరకమేనని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో మాకు నూరిపోశారు. అప్పుడు తట్టింది నాకు. పోయిన ఈస్టర్ నుంచి అమ్మ సత్ప్రసాదానికి లేవడం లేదు. మోకాళ్ళ నొప్పులంటే నమ్మాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"మరి ఫాదర్‌కు చెప్పరాదూ," అన్నాను ఆమె చెవి దగ్గర గట్టిగా.

"ఎట్ల చెప్పాలె? నేను నోరు తెరిస్తే లైన్ల ఉన్నోళ్ళందరు ఇంటరు."

ఫాదర్‌ను ఇంటికి పిలుద్దామా అంటే పైవాటాలో గుంటూరు వాళ్ళున్నారు. మంచివాళ్ళే. కానీ అమ్మ ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా ఆ ఇంటావిడ మెట్ల మీదికొచ్చి "ఏమైందండీ?" అని అడుగుతుంది. రాసిద్దామంటే అమ్మకు అక్షరం ముక్క రాదు. ఇక మిగిలింది నేనే. పాపం చెప్పుకునేవాళ్ళకు కష్టమైతే మధ్యలో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆ మనిషి కూడా చచ్చేదాకా నోరు విప్పకూడదు.

"నువ్వు మెల్లగ నా చెవిల చెప్పమ్మా. నేను ఫాదర్‌కు చెప్త."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవ్వలనన్న కూసోబెట్టు. నువ్వైతే వద్దు."

అంటే ఆ పాపం నాకు సంబంధించినదే.

ఆ తర్వాత నాకు తిండి సయించలేదు. తుర్కపల్లిలో నేను పనిచేసే ల్యాబుకు కంపెనీ క్యాబులో వెళ్తూ వస్తూ నా బతుకులో చెడిపోయినవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన నా మొదటి సంబంధం. నాయిన ఆఖరి రోజుల్లో నాకేదో చెప్పబోతే అమ్మ నీళ్ళగ్లాసు అడ్డం పెట్టి ఆపేయడం. ఒక్కొక్కదాని వెనకా అమ్మను నిలబెట్టి చూశాను. ల్యాబులో సీసాలకు చీటీలు తారుమారుగా అంటించి చీవాట్లు తిన్నాను. ఇంటికొస్తే ఆమె అమాయకంగా చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఉండేది. ఒళ్ళు మండిపోయేది. తలకు నూనె రాసేది నేను, మందులు వేసేది నేను, చెప్పుకోవడానికి మాత్రం నేను పనికిరానా? ఇంకోపక్క ఆపరేషన్ దగ్గరపడుతోంది. ఆమె నిజంగానే బల్ల ఎక్కనంటే ఏం చేయాలో తెలిసేది కాదు.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకో రోజుందనగా అమ్మను కారులో శామీర్‌పేట దగ్గరున్న మా గుడికి తీసుకెళ్ళాను. పాపసంకీర్తనానికి వచ్చినవాళ్ళు వరండాలో వరుసకట్టి ఉన్నారు. ఫాదర్‌ను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని మా కారు వైపు చూశాడు.

"అద్దాలెక్కించి ఏసీ పెడుదామమ్మా."

ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని ఆయన డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. అమ్మ పక్క సీట్లో కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. తలుపులు పడ్డాయి. మరుక్షణమే అమ్మ గొంతు అద్దాలు దాటి వచ్చింది. "నన్ను ఆశీర్వదించుండ్రి ఫాదర్, నేను పాపం జేసిన."

వరుసలో కూరగాయలమ్మే ఒక పెద్దావిడ ఉంది. ఎవరి వైపూ చూడకుండా సంచిలోంచి జపమాల తీసి, గొంతెత్తి మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఒక్కొక్కరే కారుకు వీపు తిప్పి నిలబడ్డారు. నేనూ తిరిగాను, నేనూ గట్టిగానే చెప్పాను. నిజం చెప్పాలంటే ఒక చెవి కారువైపే ఉంది. ఒక్క ముక్క వినపడలేదు. ఆ పెద్దావిడకు దండం పెట్టాలనిపించింది, ఆమె నోరు మూయాలనీ అనిపించింది.

జపం ఆగాక ఫాదర్ గొంతు వినిపించింది. "దేవుడు మిమ్ములను క్షమించిండమ్మా."

"ఏంది?"

"క్షమించిండు."

"ఆఁ?"

"క్షమించిండమ్మా, దేవుడు క్షమించిండు." ఆయన గొంతు చించుకుంటున్నాడు. వరుసలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కూరగాయలావిడ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత ప్రాయశ్చిత్తం. ఒక జపమాల చెప్పుకోమన్నాడు. ఎవరి కోసమని అమ్మ అడిగింది. ఆయన ఏదో మెల్లగా అన్నాడు. ఆమె మళ్ళీ "ఏంది?" అంది.

"మీ బిడ్డ కోసం," అని అరిచాడు ఫాదర్.

నవ్వులు ఆగిపోయాయి. ఎవ్వరూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేదనిపించింది. ఫాదర్ చెమటలు కక్కుతూ దిగి, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

దారిలో అమ్మ చెరుకురసం తాగుతానంది. నోరు తెరిచి ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో. కొనిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. నేను స్టీరింగ్ పట్టుకుని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ముందుగదిలో మంచం మీద కూర్చుని జపమాల అందుకుంది. మనసులోనే చెప్పుకుంటున్నానని ఆమె అనుకుంటోంది. పది పూసలకొకసారి "నా బిడ్డ కోసం" అనడం వంటింట్లో వంకాయలు కోస్తున్న నాకు వినిపిస్తోంది. వెళ్ళి నిలదీస్తే చెప్పేస్తుంది, అంత నీరసంగా ఉంది. చెప్పాక నేను క్షమించలేకపోతే? ఆ కోపం మొహాన పెట్టుకుని ఆమెను ఆపరేషన్‌కు ఎలా పంపను? అందుకే కదలలేదు.

జపం ముగించి అమ్మ వంటింటి గడప పట్టుకుని నిలబడింది. "దేవుడైతే ఇడిసిపెట్టిండు. నువ్వు..." అని ఆగింది. "నన్నేమడుగకు బిడ్డా."

"అడగనమ్మా. నేను గూడ ఇడిసిపెట్టిన."

ఆ మాట నాకే సరిగా వినపడలేదు. అమ్మ ఒక అడుగు ముందుకేసి నా పెదవుల కేసి చూసింది.

"ఏంది?"

కత్తి కింద పెట్టాను. "ఇడిసిపెట్టిన," అని గట్టిగా అరిచాను. పైవాటాలో తలుపు తీసిన చప్పుడైంది. అమ్మ ఇంకా నా నోటికేసే చూస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మళ్ళీ చెప్పాను.