మిగిలిన వేలు

తిరుమంగళం నుంచి మదురైకి ఉద్యోగానికి వెళ్లే బస్సులో నేను ఇంగ్లీషు పేపర్లో క్రాస్‌వర్డ్ నింపుతాను. ఒక్కో క్లూ ఒక పొడుపుకథ. సాయంత్రం వాటిని మా అత్తకు ఇంటి తెలుగులో విప్పి చెప్పాలి. ఆమెకు ఇంగ్లీషు రాదు. క్లూలో పని లేని మాట ఒక్కటీ ఉండదని ఎప్పుడో అన్నాను, అదే పట్టుకుంది. నేను ఒక్కో మాట వివరిస్తుంటే ఒక్కో వేలు ముడుస్తుంది.

ఒకరోజు ఐదు మాటల క్లూకి జవాబు గొప్పగా చెప్పాను. ఆమె చిటికెన వేలు ఇంకా నిలబడే ఉంది.

"ఈ మాట ఊరికే ఉండాదా మా?" అంది.

నాకు ఒళ్లు మండింది. పేపరు విసిరేసి లోపలికి వెళ్లిపోయాను. మర్నాడు పేపర్లో వేసిన జవాబులు చూస్తే నాదే తప్పు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

పోయిన నెల మదురైలో ఆమె కంటికి ఆపరేషను అయింది. మధ్యాహ్నం, కట్టుతో పడుకుని, "ఈపొద్దుది చెప్పు మా" అంటూ నా చెయ్యి అందుకుంది. ఈసారి నా వేళ్లు ముడవసాగింది. నాలుగు ముడిచింది.

"ఐదోది నాకూ తెలియలేదత్తా" అన్నాను.

"ఉండనీ మా" అని, ఆ వేలు పట్టుకునే నిద్రపోయింది.