బీల దారిలో బావ గొంతు

దెయ్యాల కబుర్లు చెప్పుకునే చోట నేనెప్పుడూ కూర్చోలేదు. హిందీ మాట్లాడే కార్ఖానా ఊళ్లో, శ్రీకాకుళం నుంచి వలస వచ్చినవాళ్ల బస్తీ భాలుబాసాలో పుట్టి పెరిగాను. మా వీధిలో పిల్లలకు జ్వరం వస్తే నిమ్మకాయ తిప్పేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. తీగలో కరెంటు ఉంటే టెస్టర్ వెలుగుతుంది, లేకపోతే వెలగదు. నాకు తెలిసిన ప్రపంచం అంతే.

ఇప్పటికీ దెయ్యాన్ని చూశానని అనను. చూడలేదు కూడా. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ఇందులో సగం లేదు.

మా బావ పేరు సింహాచలం. మా అక్క ఆదిలక్ష్మి భర్త. కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. అదే ఊళ్లోని బిర్సానగర్‌లో మా రెండిళ్లూ పక్కపక్క వీధుల్లోనే. నలభై ఎనిమిదో ఏట షుగర్ బయటపడితే డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక విసుగని గేర్ల సైకిల్ కొన్నాడు. నెల తిరిగేసరికి నా చేత కూడా కొనిపించాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం నది దాటి తూర్పు పల్లెల వైపు వెళ్లేవాళ్లం.

అక్కడ వానల తర్వాత పల్లపు నేలంతా నీళ్లు నిలుస్తాయి. మా శ్రీకాకుళం వైపు అలాంటి నేలను బీల అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్లం. బీల మధ్యలోంచి కట్ట మీద సన్నటి తారురోడ్డు ఉంటుంది. రెండు పక్కలా తామరాకులు, తుంగ, కొంగలు. బళ్లు రావు. రోడ్డు ఇరుకు కాబట్టి ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. ఎప్పుడూ ముందు నేను, వెనక బావ.

"గాలి నువ్వు కొయ్యిరా రమణా, కబుర్లు నాను సెప్తాను," అనేవాడు.

నిజంగానే దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేవాడు. నేను ఊ కొడుతూ తొక్కేవాణ్ణి. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం ఉండేది కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆ ఆదివారం దసరా వెళ్లి పది రోజులై ఉంటుంది. బీల మీద మంచు పట్టింది. ముందు చక్రం తర్వాత పది గజాల రోడ్డు కనిపిస్తోంది, అంతే. దారిలో ఒక చిన్న కల్వర్టు ఉంది. దానికి గోడ లేదు, పైన పాకుడు. "జారుద్ది, సూసుకో బావా," అన్నాను. "సర్లే, నువ్వు సూసుకో," అన్నాడు. నేను దాటేశాను.

తర్వాత కాసేపు మాట లేదు. ఆ కాసేపట్లో వెనక ఏదైనా చప్పుడైందా అని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో చెప్పలేను. కొంగలు గుంపుగా లేచిన చప్పుడు విన్నాను. ఇంకేమీ వినలేదు.

కల్వర్టు దాటాక అర కిలోమీటరు దూరంలో రోడ్డు పక్కనే చేపల చెరువువాళ్ల డీజిల్ పంపు ఉంది. అది ఆడుతోంది. అక్కడికి వచ్చేసరికి బావ ఏదో అంటున్నాడు. పంపు మోతలో వినపడలేదు.

"ఏటన్నావు బావా?" అని అరిచాను.

పంపు దాటాక మళ్లీ చెప్పాడు. గొంతు నా వీపు వెనకే ఉంది. ఎప్పుడూ ఉండేంత దగ్గర్లోనే.

"ఆ బాబు సొక్కా నానే పారేసినాన్రా. పండక్కి బట్టల పెట్టి సర్దతా పారేసినాను. మీ అక్క అడిగితే తెల్దన్నాను."

వాళ్ల కూతురు పింకీ కంటే ముందు అక్కకి ఒక మగపిల్లాడు పుట్టి పదకొండో రోజున పోయాడు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడం. చొక్కా సంగతి మాత్రం నాకు తెలియదు. మనసు కష్టపెట్టుకుంటున్నాడనిపించింది.

"ఆగనా బావా? నీళ్లు తాగుదాం."

"ఆగకు. తొక్కు. ఎనకాలే వత్తన్నాను."

ఇంకొంచెం పోయాక మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. "ఆగకు. తొక్కు." కోపంగా అనలేదు, బతిమాలినట్టూ అనలేదు. మామూలుగా అన్నాడు.

బీల చివర ఒక పూరిపాక ఉంది. అక్కడ ఒక ముసలమ్మ నీళ్లలోంచి తీసిన సింఘాడా కాయలు బుట్టల్లో పోసి పట్నానికి పంపిస్తుంది. ప్రతివారం ఆమె దగ్గర ఆగి కాయలు ఒలుచుకుని తినేవాళ్లం. ఆ రోజూ అక్కడ కాలు కిందపెట్టి వెనక్కి తిరిగాను.

రోడ్డు ఖాళీ.

ముసలమ్మ తల ఎత్తి, "ఆజ్ అకేలా?" అంది.

ఒంటరిగా రాలేదు, బావ వెనకే ఉన్నాడని చెప్పాను. ఆమె లేచి రోడ్డు వైపు చూసింది. మలుపు దగ్గర నుంచి నా మాటలు వినపడుతున్నాయని, నేను ఎవరితోనో అరిచి మాట్లాడుతున్నానని, జవాబిచ్చే మనిషి గొంతు మాత్రం వినలేదని తన వచ్చీరాని హిందీలో చెప్పింది.

టైరు పంక్చరై ఆగాడనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. ఫోన్ చేస్తే మోగుతోంది, తీయడం లేదు. వెనక్కి బయల్దేరాను. పంపు దగ్గర లేడు. పంపు దాటాక తొందరగా తొక్కడం మొదలుపెట్టాను.

సైకిల్ కల్వర్టు అంచున పడి ఉంది. బావ కింద నీళ్లలో బోర్లా ఉన్నాడు. మోకాలి లోతు నీళ్లు. చుట్టూ తామరాకులు కదలడం లేదు. నేను దిగి పైకి లాగాను. నుదుటి మీద రాయి తగిలిన గాయం ఉంది. ఛాతీ మీద ఒత్తాను, నోట్లోకి ఊదాను, అరిచాను. ఊళ్లోంచి ట్రాక్టరు వచ్చేదాకా ఒత్తుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో చూసి ప్రాణం లేదన్నారు.

గుండె ఆగిపోయి పడ్డాడని అందరం అనుకున్నాం. పోస్టుమార్టంలో అది కాదని తేలింది. జారి పడి, దెబ్బకి స్పృహ తప్పి, నీళ్లు మింగి పోయాడు. పడగానే పోలేదు. ఆ మాట చెప్పిన డాక్టరుని, వెంటనే పైకి లాగి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆయన కాగితాల వైపు చూస్తూ, "అవన్నీ ఇప్పుడు ఆలోచించకు భాయ్," అన్నాడు.

మా ఇద్దరి ఫోన్లలోనూ తొక్కిన దారి గీసి చూపించే యాప్ ఉండేది. బావ ఫోన్ నీళ్లు పోని కవర్లో ఉంది కాబట్టి పాడవలేదు. పదో రోజున పింకీ దాన్ని తెరిచింది. పింకీకి పంతొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న గీత కల్వర్టు దగ్గర ఆరూ పదకొండుకి ఆగిపోయింది. నాది ఆగకుండా సాగి పూరిపాక దగ్గర ఆరూ ఇరవైకి ఆగింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మామా, ఆప్ రుకే క్యోఁ నహీఁ?"

ఎందుకు ఆగలేదు అని. ఆ పిల్ల ఇంట్లో తెలుగు మాటలకు హిందీలోనే జవాబు చెబుతుంది. మీ నాన్నే ఆగొద్దన్నాడు అని చెప్పనా?

నెల మాసికం అయ్యాక అక్క ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. "అక్కా, పెట్టిలో బాబు సొక్కా ఏదైనా ఉండేదా?"

చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది. "నీకెవులు సెప్పినారు?"

ఆ చొక్కా ఇరవై రెండేళ్లుగా చీరల అడుగున దాచుకుందట. ఎవరికీ చూపించలేదు, పింకీకి కూడా. పండగ వెళ్లినప్పటి నుంచి కనపడక వెతుకుతోందట. బావని అడిగితే తెలియదన్నాడట. నేను చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బీల దారిలో విన్నదంతా చెప్పాను.

అక్క ఏడవలేదు. "పారేసినాడా," అంది. "అడిగితే ఇచ్చీదాన్ని కదా." మళ్లీ చేట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంట్లో బావ ఫొటోకి దండ మార్చడం మానేసింది. ఆ పని ఇప్పుడు పింకీ చేస్తోంది.

విన్నవాళ్లలో కొందరు, ప్రాణం పోతూ నీతో చివరి మాట చెప్పుకున్నాడు, అదృష్టవంతుడివి అన్నారు. పనిలో నా స్నేహితుడు ఒకడు, అలవాటుగా వినే గొంతు కాబట్టి చెవి దానంతటదే తెచ్చుకుంటుంది అన్నాడు. వాడి మాట నమ్మాలనే ఉంది. కానీ నాకు తెలియని చొక్కా సంగతి నా చెవి ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? కల్వర్టుకి ముందే బావ చెప్పాడేమో, నేనే కలగలుపుతున్నానేమో అనీ ఆలోచించాను. అలా కాదు. పంపు మోతలో వినపడక నేను మళ్లీ అడిగాను, పంపు దాటాకే ఆ మాట విన్నాను. బావ ఆ పంపు దాకా రానేలేదు.

సైకిల్ అమ్మేశాను. ఆ దారిలోకి మళ్లీ వెళ్లలేదు. రెండేళ్లయింది.

వేరే ఏదో బావ గొంతుతో మాట్లాడిందని ఎవరైనా అంటే ఒప్పుకోవడం సులువయ్యేది. కానీ పాతికేళ్లు విన్న గొంతు. అది బావే. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. అక్కడ మోకాలి లోతు నీళ్లలో ఇంకా ఊపిరి ఉండగా, నన్ను ఎందుకు ఆగొద్దన్నాడో మాత్రం నాకు తెలియదు.