పోలిక ఊరు

ఎలినాతి నామలోంబా ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది కాలినడక మీదే అనాలి. మగడు పోయాక, ఫలోంబే మైదానంలో ఏ పరిశోధన సంస్థ దిగినా, ప్రశ్నల కాగితాలు పట్టుకుని గడపగడపకీ తిరిగే పని ఆమెదే. అంతకుముందు జోంబా పట్నంలోని కాలేజీలో ఏడాదిపాటు సమాజశాస్త్రం చదివింది. అక్కడొక ముసలి మాస్టారు, "ఒక ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆ ఇంటివాళ్ళని అడగండి. సగం ఊళ్ళో వెలగకపోతే ఆ ఊరి భూమి ఎవరి చేతిలో ఉందో అడగండి" అనేవాడు. నాన్న సోమరితనం వల్లే ఇంటిల్లిపాదీ పస్తులుంటున్నారని ఊరంతా ఆడిపోసుకుంటే తలవంచుకు పెరిగిన పిల్ల ఆమె. ఆ మాట విన్న రోజు తరగతి బయటికొచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఆ ఏడు పంట ఎండిపోయింది. ఒక సంస్థవాళ్ళు వచ్చి ఇరవై నాలుగు ఊళ్ళ పేర్లతో చీటీలు తీశారు. పన్నెండు ఊళ్ళలో ఇంటింటికీ నెలకో మొక్కజొన్న సంచి. మిగతా పన్నెండూ పోలిక ఊళ్ళు. వాటికి ఏమీ ఇవ్వరు. ఏం తిన్నారో అడిగి రాసుకుంటారంతే. సంచి వల్ల ఎంత మేలు జరిగిందో తేలాలంటే సంచి లేని ఊరూ ఉండాలి కదా! నంసాలిమా అనే ఊరి చీటీ ఆ రెండో కుప్పలో పడింది. ఆ ఊరు ఎలినాతి వంతుకొచ్చింది. అడిగేవాళ్ళు చేత్తో గుప్పెడు పిండి కూడా ఇవ్వకూడదని నియమం.

"అదిగోనే, మన ఆకలి రాసుకుపోయే దొరసాని!" అని డిసెంబరులో ఆడవాళ్ళు నవ్వారు. "సంచి తెచ్చావా, ఈసారీ కాగితమేనా?"

జనవరికి నవ్వులు ఆగిపోయాయి. నసిబెకో అనే పడుచు పొయ్యి మీద పచ్చి మామిడికాయలు ఉడకేస్తోంది. ఒళ్ళో రెండేళ్ళ కూతురు లిజినెట్.

"ఈ వారంలో ఎన్నాళ్ళు పస్తున్నారమ్మా?"

"నాలుగు. ఐదని రాస్తే సంచి వస్తుందా అక్కా?"

"రాదే."

"అయితే రెండని రాసుకో. పరువైనా దక్కుతుంది."

ఎలినాతి నాలుగే రాసింది. పిల్ల పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. అది తిండిలేక వచ్చే వాపని ఆమెకు తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే, "ఈ బిడ్డతో ఏరు దాటి ఎలా పోనక్కా? నడుంలోతు పారుతోంది" అంది నసిబెకో. ఎలినాతి సంచిలో మధ్యాహ్నానికని తెచ్చుకున్న చిలగడదుంపలు రెండున్నాయి. చెయ్యి లోపలికి పోయింది. నియమం గుర్తొచ్చి ఖాళీగా బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే ఎలినాతి తమ బృందానికి పెద్ద అయిన కమ్వెండో దగ్గర కూర్చుంది. ఆయన చెడ్డవాడేం కాదు.

"ఒక్క ఇంటికిస్తే లెక్కంతా చెడుతుంది ఎలినాతి గారూ. ఫలితం తేలితే వచ్చే ఏడు అన్ని ఊళ్ళకీ సంచులొస్తాయి."

"వచ్చే ఏటిదాకా ఆ పిల్ల ఉండాలి కదా సార్!"

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. పిల్లని ఆసుపత్రికి చేర్చే బండి పంపడానికి అనుమతి అడుగుతూ పైవాళ్ళకు రాశాడు. అనుమతి పదకొండో రోజున వచ్చింది. లిజినెట్ తొమ్మిదో రోజునే పోయింది.

ఫిబ్రవరిలో ఎలినాతి మళ్ళీ వెళ్ళక తప్పలేదు. ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదవాలి. మూడో పేరు దగ్గర ఆగిపోయింది.

"చదవకు" అంది నసిబెకో. "ఆ గడిలో ఏం రాస్తావు?"

"చనిపోతే... మూడు అంకె వెయ్యాలి."

"నా బిడ్డ మూడంకెనా అక్కా?"

ఎలినాతి కాగితాలు మడిచి లేచింది. ఏరు దాటాక, బురదలో కూలబడి, కాగితం అడుగున విడిచిన రెండు గీతల జాగాలో మొదలుపెట్టి అంచులూ వెనకపక్కా నిండేలా రాసింది: మామిడికాయలు, పాదాల వాపు, ఏరు, తను సంచిలోకి పోనిచ్చి వెనక్కి తీసుకున్న చెయ్యి. మర్నాడు పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, తన ఇంట్లో మిగిలిన పిండంతా మోసుకెళ్ళి నసిబెకో గుమ్మంలో దించింది.

"ఇప్పుడెందుకక్కా?" అంది నసిబెకో. ఆ మాటలో కోపం లేదు. లోపల తన పెద్దపిల్ల ఆకలితో ఉంది కాబట్టి పిండి తీసుకుంది.

తను చేసింది ఎలినాతే వెళ్ళి కమ్వెండోకు చెప్పింది. ఆయన ఆ రాతంతా నిలబడే చదివాడు. "ఇది ఏ పట్టికలోనూ ఎక్కదండీ" అన్నాడు. నసిబెకో ఇంటిని లెక్కలోంచి కొట్టేశారు. ఎలినాతికి పని పోయింది. ఆమె చిన్నకూతురు బడి మానేసింది.

మరుసటి ఏడు నంసాలిమాకు సంచులు వచ్చాయి. కమ్వెండో అన్నది నిజమే అయింది. ఆ నిజం ఎలినాతిని ఏ రాత్రీ నిద్రపుచ్చలేదు. మిగోవి సంతలో ఎండు చేపలు అమ్ముతూ రోజులు నెట్టుకొచ్చింది. ఒకసారి వేరే సంస్థవాళ్ళు పిలిచి పని ఇస్తే, పిల్లల కోసం ఒప్పుకుని కాగితాలు పట్టుకు బయల్దేరింది. మొదటి ఇంటి ముందు నిలబడింది. లోపల ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు. ఇంటివాళ్ళని పిలవబోయి ఆగింది. కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.