కత్తిపీట అని రాసింది నేనే

నేను పనిచేసిన రైసు మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. లోపల ఎవరికి దెబ్బ తగిలినా, ఆసుపత్రి కాగితంలో ఇంట్లో తగిలిందనే రాయాలి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పజెప్పేవారు. పదో తరగతితో బడి మానేసినా, నర్సీపట్నం లైబ్రరీలో బీరువాలకు బీరువాలు చదివినవాణ్ణి. నన్ను పిలిచి రాయించుకుంటున్నారంటే గొప్పగానే ఉండేది.

గొలుగొండ నుంచి వచ్చే ఒక అక్క మిల్లు ఊడ్చేది. ఒకరోజు యజమాని మిషను బెల్టు ఆపకుండానే దాని కింద తవుడు ఊడ్వమన్నాడు. ఆమె కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఆసుపత్రిలో యజమాని సైగ చేశాడు. "ఇంట్లో కత్తిపీట మీద పడింది" అని రాశాను.

"ఏటి రాసినావు తమ్ముడూ?" అంది అక్క, కట్టు కట్టించుకుంటూ.

"ఏం లేదక్కా, ఫారం."

నెల తిరక్కుండా ఆమెను పనిలోంచి తీసేశారు. పరిహారం అడిగితే యజమాని ఆ ఫారమే చూపించాడు. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, నేనేం రాశానో.

"నీ సదువు నా సెయ్యి తినేసింది" అంది.

ఆ వారమంతా పని కాగానే వెళ్లి లైబ్రరీలోనే కూర్చున్నాను. ఐరోపాలో చాలా దేశాల్లో జబ్బుపడిన కూలీకి వైద్యం ప్రభుత్వం చూస్తుంది, సెలవులో జీతం చట్టమే ఇప్పిస్తుంది. అమెరికాలో చాలామందికి ఆసుపత్రి బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. అది పోతే ఇదీ పోతుంది. చదివిందంతా పట్టుకుని, అక్కకు పరిహారం ఇమ్మని అడగడానికి యజమాని దగ్గరికి వెళ్లాను.

"ఏటయ్యా పండితుడా! అమెరికాలో అయితే ఒక్క మెసేజీ పెట్టి ఇంటికి పంపేత్తారు, తెల్సా?" అన్నాడు.

"పంపేస్తారండీ. కానీ పనిలో వేలు తెగితే అక్కడ కూడా పరిహారం ఇవ్వాలండీ. మన దగ్గరా చట్టం ఉంది."

"అయితే ఆ ఐరోపా ఎల్లి పని సూసుకో. రేపట్నించి రాకు."

వెళ్లలేదు. అదే గుండ్రటి చేతిరాతతో కార్మిక శాఖకు అర్జీ రాశాను. మొదటి వాక్యంలోనే, ఆ ఫారంలో అబద్ధం రాసింది నేనేనని ఒప్పుకున్నాను. బెల్టు తిరుగుతుండగా చూసిన, బస్తాలు మోసే కళాసీలు ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పారు. యజమాని ముఖం పాలిపోవడం చూసి నాకు ఏ కోశానా జాలి కలగలేదు. ఆ ముఖం కోసమే కదా అన్నాళ్లు ఆఫీసు చుట్టూ తిరిగింది.

అక్క ఎదుటే, జరిగింది ఒప్పుకుంటూ కాగితం రాసివ్వమని యజమానితో అన్నారు కార్మిక శాఖ ఆఫీసరు గారు. యజమాని పాత అలవాటు కొద్దీ కాగితం, పెన్ను నా ముందుకు తోశాడు.

"నువ్వు రాసీ."

"ఈసారి మీరే రాయాలండీ" అని వెనక్కి తోశాను.

చిన్నపిల్లాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. మిల్లులో, అని రాశాడు. బెల్టు, అని రాసి ఆగిపోయాడు. "ఆపకుండా" అని అందించాను. పెన్ను కదల్లేదు. నుదుట చెమట తుడుచుకున్నాడు. నేను తొందరపెట్టలేదు. ఇంకో గంటైనా అలా చూస్తూ నిలబడగలను.

తొందరపెట్టింది అక్క. కట్టు విప్పిన చెయ్యి బల్ల మీద, సరిగ్గా ఆ కాగితం పక్కన పెట్టింది.

"మీకు అయిదు వేళ్లూ ఉన్నాయి కదా బాబూ, బేగి రాయండి. గొలుగొండ ఆటో ఎలిపోద్ది."