భోజన్న బదులు

భోజన్న ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోడు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, రుద్రూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఆయన ఇంటికి దారి చూపిస్తారు. దారిలో మనల్ని ఆపి టైమెంతయిందని అడిగేవాడు. చెప్పగానే అంగీ జేబులోంచి గుప్పెడు పల్లీలు తీసి మన చేతిలో పోసేవాడు. వద్దంటే అలిగేవాడు. ఒకసారి బోధన్ అంగట్లో ఎవడో తాగుబోతు ఆయన చెంప మీద కొట్టాడని తెలిసి, అదైనా ఊరికే పుచ్చుకున్నాడేమోనని అడిగాను.

"గదెట్ల సారు? దానికి గూడ బదులిచ్చిన," అన్నాడు.

నేనప్పుడు ఆ ఊళ్లకు గ్రామసేవక్‌ని. విత్తనాలు, ఎరువులు, కోళ్లు, ఏ పథకం వచ్చినా సైకిల్ మీద మోసుకుపోయేవాణ్ణి. ఒకసారి సర్కారు తరఫున భోజన్నకు ఒక సీమ పుంజును ఇచ్చాను. వెంటనే నా సైకిల్‌కు ఒక గుమ్మడికాయ కట్టాడు.

"ఇది నా పుంజు కాదు భోజన్నా, సర్కారుది."

"అయితే గుమ్మడికాయ సర్కారుకియ్యి."

ఆ గుమ్మడికాయను సర్కారులో ఎవరికివ్వాలో మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. మా పెద్ద సారు దాన్ని బల్ల మీద పెట్టుకుని, దాని పక్కనుంచి తొంగిచూస్తూ కొన్నాళ్లు సంతకాలు చేశాడు.

అరవయ్యారులో వానలు మొహం చాటేశాయి. చెరుకు మళ్లలోనే ఎండి కట్టెలైపోయింది. బావుల్లో బొక్కెన వేస్తే ఖణేల్‌మని రాయి తగిలేది. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఒకటే వాదన, అమెరికా గోధుమలు తీసుకోవచ్చా కూడదా అని. భోజన్న ఊళ్లో ఆ సంగతి తేల్చే బాధ్యత బాపురావు చాయ్ హోటల్ తీసుకుంది.

"గా గోధుమలు తిన్నమనుకో, రేపు ఆల్లు కూసోమంటె కూసోవాలె, లెవ్వమంటె లెవ్వాలె," అన్నాడు రాజారాం. ఆయన రోజూ పేపరు చదువుతాడు. "దేశం సార్వభౌమాధికారం ఏం గావాలె?"

"తిండి లేకుంటె ఎవలు జెప్పినా లెవ్వలేం గదనే," అన్నాడు బాపురావు, చాయ్ వడగడుతూ.

మూలన కూర్చున్న భోజన్న నా వైపు వంగాడు. "సారు, గా సార్వభోజనాధికారం అంటే ఏంది?"

"సార్వభోజనం కాదు, సార్వభౌమం," అని, అంటే ఏమిటో చెప్పాను.

"నేనన్నదే మంచిగున్నది," అన్నాడు. "దేశానికి ఇజ్జత్ ఉండాలె, అందరు భోజనం గూడ జెయ్యాలె."

"ఇంతకీ గోధుమలు తీస్కుందామంటవా, వద్దంటవా?" అని రాజారాం నిలదీశాడు.

"తీస్కుందం. బదులిద్దం."

"అమెరికాకు నువ్వేం బదులిస్తవే?"

"ఆల్లకు చింతపండు దొరుకుతదా?" అన్నాడు భోజన్న. పేపరు చదివే రాజారాంకు కూడా ఆ సంగతి తెలియదు.

కొన్నాళ్లకు ఒక విదేశీ సహాయ సంస్థ వాళ్ల లారీ గోధుమలతో వచ్చింది. ముందు జీపులో పొడుగాటి దొర, పక్కన నేను. బడి ముందు లారీ ఆగిందో లేదో, దాని వెనక తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు భోజన్న.

"ఒక్క గింజ దిగది సారు."

"పొద్దున్నే ఇదేం జిద్దయ్యా!"

"ముఫత్‌గ తీస్కుంటె ఖైరాత్ అయితది, బిచ్చమైతది. మేమిచ్చింది తీస్కుంటడేమో దొరను అడుగు."

స్కూలు ఫైనల్ తర్వాత వాడని ఇంగ్లీషునంతా కూడగట్టుకుని దొరకు విషయం చెప్పాను. ఆయన భోజన్నను ఎగాదిగా చూసి, ఏమిస్తారని అడిగాడు.

"ఎవలింట్ల ఏదుంటే గది. ఏరుడు మాత్రం లేదు. మేం ఆయన గోధుమలు ఏరుతున్నమా?"

నిజానికి ఆ గోధుమలు ఏరాల్సినవే. ఆ ముక్క మాత్రం నేను దొరకు చెప్పలేదు.

దొర పకపకా నవ్వి, ఒప్పుకున్నట్టు చెయ్యి చాపాడు. భోజన్న అందులో పల్లీలు పోశాడు.

ఇక మొదలైంది. లింబాద్రి చింతపండు ముద్ద తెచ్చాడు. పెంటవ్వ ఎండుమిరపకాయలు తెచ్చింది. దొర ఒకటి కొరికి చూసి, ఎర్రబడి, చెంబెడు నీళ్లు తాగాడు. నర్సన్న తట్టెడు పిడకలు తెచ్చి జీపులో పెట్టాడు.

"పిడకలు ఆయనేం చేసుకుంటాడయ్యా?" అన్నాను.

"ఆల్ల దేశంల సలి ఎక్కువంటరు గద సారు!"

అందరి వెనకా హన్మవ్వ వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఉన్న కాస్త చెరుకు ఎండిపోయింది, ఇంట్లో ఇద్దరు చిన్న మనవరాళ్లున్నారు. బక్కచిక్కిన ఆ ముగ్గుర్నీ చూసి ఊళ్లో ఎవరు ఏమివ్వబోయినా, "మేం తిన్నం," అని తలుపేసుకునేది. అలాంటి మనిషి కొత్తగా కట్టిన చీపురు పట్టుకుని, తల ఎత్తుకుని లారీ దగ్గరికి నడిచొచ్చింది. కొలిచి పోసిన గోధుమల్ని చూసి కదల్లేదు.

"నా చీపురు గట్టిది. ఇంకింత పొయ్యుమను."

నేను ఆ మాట చెప్పగానే దొర చీపురు తిప్పి చూశాడు. నేల మీద ఒకసారి ఊడ్చాడు. "నిజమే," అని ఇంకాస్త పోయించాడు. హన్మవ్వ కొంగు నింపుకుని, "తడి తగలనియ్యొద్దని చెప్పు సారు," అని నాకు పురమాయించి వెళ్లిపోయింది.

సాయంత్రం భోజన్న ఇంటికి వెళ్లి కడిగేశాను. "గంటలో అయ్యే పనికి రోజంతా పట్టింది. జీపులో నేను పిడకల మీద కూర్చోవాలి. నీకు దేశం ఇజ్జత్ తప్ప ఇంకేం పట్టదా?"

"పట్టదు సారు," అన్నాడు వినయంగా.

చాయ్ తెచ్చిన ఆయన భార్య అనసూయమ్మ నవ్వింది. "దేశం లేదు, ఏం లేదు సారు. మొన్న హన్మవ్వకు జొన్నలు ఇయ్యబోయిండు. 'నేను అడుక్కుతినేదాన్నా' అని తలుపేసింది. ఇంటికొచ్చి బువ్వ గూడ తినలే. లారీ వస్తదని తెల్వంగనే ఆమె వాకిట్ల నిలబడి, 'గీసారి ఖైరాత్ లేదవ్వ, బదులుంటేనే గింజలు' అని లొల్లిలొల్లి జేసిండు."

"నువ్వు ఊకోవే," అన్నాడు భోజన్న. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆమె ఒక్కతే బదులిస్తె బాగుంటదా సారు? గందుకే అందరితోని ఇప్పిచ్చిన."

చాయ్ తాగి లేచాను. ఇంటిదాకా పిడకల మీదే కూర్చున్నాను. అంతగా గుచ్చుకోలేదు.

మళ్లీ లారీ వచ్చిన రోజున భోజన్న అడ్డం నిలబడాల్సిన పనే పడలేదు. జీపు ఆగకముందే హన్మవ్వ, ఆమె వెనక చెరో చీపురు పట్టుకుని మనవరాళ్లు, ఎదురొచ్చారు.

"మొన్నటి చీపురు మంచిగ ఊడుస్తున్నదా, దొరనడుగు సారు."

అడిగాను. చాలా బాగా ఊడుస్తోందన్నాడు దొర.

"అయితే గీసారి ధర పెరిగిందని చెప్పు," అంది హన్మవ్వ.