ఏసురత్నం కృతజ్ఞత కూడిక

ఏసురత్నం గొంతు గురించి ముందే చెప్పేస్తే మిగతాది సులువవుతుంది. ఆదివారం తార్నాక చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. అదే గొంతు శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో లేస్తే అవతలి జట్టువాళ్ళు కూడా ఆట ఆపి గ్యాలరీ వైపు చూసేవాళ్ళు. మిగతా రోజుల్లో మాత్రం యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నోట్లో నాలుక లేని గుమాస్తా.

తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్ళో పలకరించే దిక్కులేక ఒక సాయంత్రం ఊరికే మైదానంలోకి దూరాడు. ఆ రోజు ఆడుతున్నది మూసీ రోవర్స్. ఆటకే జీతాలిచ్చి కుర్రాళ్ళని పెట్టుకున్న క్లబ్బు అది. గోల్ పడగానే పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. అంతే, ఏసురత్నం ఆ జట్టు మనిషైపోయాడు. ఎందుకురా అంటే చెప్పడానికి ఇంకో కారణం ఆయన దగ్గర లేదు.

అరవై ఏడులో ఆ జట్టు లీగు కప్పు దాకా వెళ్ళి ఆఖరి మెట్టు మీద జారింది. వచ్చే ఏడు కప్పు మనదేనని ఏసురత్నానికి అనుమానమన్నది లేకపోయింది. అరవై ఎనిమిదిలో సీజను మొదలుకాకముందే చర్చిలో ప్రకటనల వేళ లేచి నిలబడి, "మా రోవర్స్ ఆటలు ముగిసిన మర్నాడు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నామండి, సంఘమంతా రావాలి" అనేశాడు.

కృతజ్ఞత కూడిక అంటే వాళ్ళలో ఆషామాషీ వ్యవహారం కాదు. పిల్లాడు పరీక్ష పాసైనా, జబ్బు నయమైనా, ఉద్యోగం పర్మనెంటైనా అందర్నీ ఇంటికి పిలుస్తారు. ప్రార్థన అయ్యాక ఇంటి యజమాని లేచి, దేవుడు తనకేం మేలు చేశాడో సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే భోజనాలు. అయితే ఎవరైనా మేలు జరిగాక పెట్టుకుంటారు. మనవాడు ముందే పెట్టేసుకున్నాడు. గెలిస్తే అన్న ముక్క చేర్చాలని ఆయనకి తట్టనే లేదు.

ఇక రోవర్స్ ఓడటం మొదలుపెట్టింది. గోల్‌కీపరు ఇన్నయ్య చేతుల్లోకి వచ్చిన బంతి కాళ్ళ మధ్యనుంచి జారిపోయేది. కెప్టెన్ బుచ్చిరాములు పెనాల్టీ కొడితే బంతి గోడ అవతల రోడ్డు మీద పడింది. దసరా వచ్చేసరికి గ్యాలరీ ఖాళీ అయింది. ఏసురత్నం మాత్రం ప్రతి శనివారం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, "ఒరేయ్ ఇన్నయ్యా, చేతులున్నది అన్నం తినడానికేనా" అని గొంతు బొంగురుపోయేదాకా తిట్టేవాడు. ఆదివారం పాట బొంగురుగానే పాడేవాడు.

"ఏంది ఏసురత్నం, దావత్ ఉన్నట్టేనా?" అని ఆఫీసులో పక్క కుర్చీ ఉమాపతి రోజూ గిల్లేవాడు.

ఇంట్లో భార్య గ్రేస్ ఊరుకోలేకపోయింది. "మానేస్తే పోలా? ఎవరూ ఏమీ అనుకోరు."

"దేవుడి ముందు అన్న మాట. వెనక్కి తీసుకోవడానికి అదేమన్నా సెలవు చీటీనా?"

"మరి లేచి ఏం చెప్తారు?"

సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదన్నది ఆయన పట్టుదల. పాస్టరుగారు జాలిపడి, ఓటమి కూడా మన మంచికేనని చెప్పి ముగించమన్నారు. ఏసురత్నం తల అడ్డంగా ఊపాడు. "బంతి కాళ్ళ మధ్యనుంచి పోయిందండీ. అందులో మంచేముందని చెప్పను?" అదీ ఏసురత్నమంటే. జట్టుమీద కోపం కూడా నిజాయితీగా పడే మనిషి.

ఆఖరి ఆట కూడా ఓడారు. అందరికన్నా అడుగున నిలిచి, రోవర్స్ కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ రాత్రి ఏసురత్నం అన్నం ముట్టలేదు.

మర్నాడు సాయంత్రం తార్నాకలో ఆయన అద్దె వాటా నిండిపోయింది. చాపలు చాలక వరండాలో కూడా కూర్చున్నారు. పాట అయింది, ప్రార్థన అయింది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో బుచ్చిరాములు, వెనక ఇన్నయ్య, ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు చెప్పులు విప్పుకుంటూ కనిపించారు. ఉమాపతి నోటి ద్వారా కూడిక సంగతి ఆటగాళ్ళుండే అంబర్‌పేట్ దాకా పాకిందట. ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చి, తలలు దించుకుని గుమ్మం దగ్గరే కూలబడ్డారు.

ఏసురత్నం సాక్ష్యానికి లేచాడు. "స్తోత్రం" అన్నాడు. ఆయన చూపు ఇన్నయ్య మీద పడింది. సీజనంతా పడ్డ బాధ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"ఏం నాయనా, ఒక్క ఆటైనా గెలిచి రాకూడదూ? దేవుడి ముందు నన్నిలా నిలబెడతారా?"

ఇన్నయ్య ఇంకా కిందికి చూశాడు. బుచ్చిరాములే మెల్లగా లేచాడు.

"తిట్టుండ్రి సారూ. తిట్లు తిందామనే వచ్చినం. దసరా కాంచి మమ్ముల ఎవ్వరు తిడ్తలేరు. గ్యాలరీల మనిషే లేకపాయె. మీ గొంతొక్కటే ఇనబడ్తుండె. అది ఇనబడ్డంతసేపు ఉరకాల్నని అనిపిస్తుండె. అది సుత లేకపోతే సగంల ఇడిసిపెట్టి పోయేటోళ్ళం."

ఏసురత్నానికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తన కేకలు గాలికి పోతున్నాయనే అనుకున్నాడు. గోడలమీద అరిచినట్టు అరిచి, కోపంతో, సిగ్గుతో ఇంటికి వచ్చేవాడు. అవి చేరాయని ఆ పూట తెలిసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, చేతులు జోడించాడు.

"ప్రభువా, మా వాళ్ళు ఓడిపోయారు. బాగా ఆడలేదు, అందుకే ఓడారు. నాకు కడుపు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది. కానీ నేను పిలిస్తే వీళ్ళకి వినబడింది. నువ్వు చేసిన మేలు అది. దానికి నీకు స్తోత్రం."

"ఆమెన్" అంది సంఘం. ఆటగాళ్ళు కాస్త వెనకబడి అన్నారు.

పులిహోర వడ్డిస్తుంటే ఇన్నయ్య విస్తరి ముందునుంచి తలెత్తాడు. ధైర్యం చేసి అడిగాడు.

"సారూ, వచ్చే యేడు చిన్న డివిజన్ల ఆడ్తం. గాడ గ్యాలరీ సుత ఉండదు, ఎండల నిలబడాలె. గాడికి వస్తరా?"

ఏసురత్నం వంగి ఆ కుర్రాడి విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేశాడు.

"రాకపోతే నిన్ను తిట్టేదెవరయ్యా?"