బిగించి వదిలెయ్

ఆ వీధిలో కుళాయి తిప్పాలంటే రెండు చేతులు కావాలి. కొన్ని ఇళ్ళలో అయితే రెండు చేతులతో పాటు కాస్త పంటిబిగువు కూడా కావాలి. అది కుళాయిల తప్పు కాదు. వాటన్నిటినీ బాగుచేసింది బిగింపు బాబాయ్. చెప్పుకోడానికి ప్లంబరు గానీ ఆయన అసలు వృత్తి బిగించడం. ఆయన చెయ్యి పడ్డాక కారిన కుళాయి లేదని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. తేలిగ్గా తిరిగిన కుళాయి కూడా లేదని వెంటనే కలుపుతారు.

ఇంట్లోనూ అదే తంతు. పంచదార డబ్బాకి ఆయన మూత పెట్టాడంటే ఆ పూట అందరూ చప్పిడి టీ తాగాల్సిందే. వానకని వేసిన కిటికీ గొళ్ళెం ఎండలు ముదిరినా ఊడి రాదు. పెళ్ళయిన కొత్తలో భార్య మూత తీయమని ఆయన్నే పిలిచేది. పోనుపోను ఆయన పనిలోకి వెళ్ళేదాకా ఆగి, మూతకి గుడ్డ చుట్టి, గడపకేసి నాలుగు తట్టి, తనే తీసుకోవడం నేర్చుకుంది. "ఏవండీ, మీరు పెట్టకండి, నేను పెట్టుకుంటాను" అనేది ఆ ఇంట్లో రోజూ వినపడే మాట. ఆయన దాన్ని ప్రేమగానే తీసుకున్నాడు, పాపం.

ఇలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన మామగారు పడవవాడు. జీవితమంతా రేవులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించాడు. పడవ కూడా తన చేత్తో చేసుకున్నదే. తర్వాత రేవు పక్కనే వంతెన వచ్చింది. దాన్ని తెరిచిన రోజు పెద్దలు ఆయన్ని పిలిచి, చప్పట్లు కొట్టి, ఇక మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చన్నారు. ఆయన విశ్రాంతి అడిగినట్టు ఎవరికీ గుర్తులేదు. పెద్దకూతురి ఇంటికి వచ్చేశాడు. ఆయనతో పాటు పడవ కూడా వచ్చి, పెరట్లో రెండు చక్రాల ట్రైలర్ మీద ఎక్కి కూర్చుంది.

నీళ్ళలో బతికిన చెక్క నేల మీద ఎండిపోతుంది. పలకలు కుంచించుకుపోయి సందులు తేలాయి. వానాకాలంలో ఒకసారి ట్రైలర్‌తో సహా పక్క కాలవలోకి దింపి పడవని నానబెట్టేవాళ్ళు. అయినా చాలలేదు. పొద్దున్నే మామగారు పడవ పక్కన వంగి, పలకల సందుల్లోంచి అవతలి వెలుతురు చూసేవాడు. సందు ఎంత పెరిగిందో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ రోజు అన్నం సగంలో వదిలేస్తే ఇంట్లోవాళ్ళే తెలుసుకునేవాళ్ళు.

అప్పుడు చిన్నల్లుడు కబురు పెట్టాడు. అతను ఉండేది చాలా దూరాన, ఒక సరస్సు ఒడ్డున. పడవ తెచ్చేయండి మామయ్యా, ఇక్కడ షికారుకి వచ్చేవాళ్ళు బోలెడుమంది, మీ పడవ మళ్ళీ నీళ్ళమీద ఉంటుంది, నేను చూసుకుంటాను అన్నాడు. మామగారి ముఖం వెలిగిపోయింది. ఆయన నోట ఎప్పుడూ చిన్నల్లుడి మాటే. చిన్నల్లుడు ఎంత చులాగ్గా మాట్లాడతాడో, ఎంత చక్కగా నవ్వుతాడో ఆయన పెద్దల్లుడి కంచం ఎదురుగా కూర్చుని, పెద్దల్లుడు తెచ్చిన కూర కలుపుకుంటూ చెప్పేవాడు. వినడం బిగింపు బాబాయ్ వంతు.

బిగింపు బాబాయ్‌కి ఇందులో ఒక పాత ముల్లు ఉంది. పెళ్ళయిన కొత్తలో మామగారు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన చేతికి తెడ్డు ఇచ్చాడు. నది మధ్యకి రాకముందే లాక్కున్నాడు. "తెడ్డు పట్టుకోమంటే దాని పీక పట్టుకుంటున్నావేంటి అల్లుడూ" అన్నాడు. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత ఆయన చేతికి తెడ్డు కాదు కదా, పడవ తాడు కూడా రాలేదు. అందుకే పడవని తన జీపుకి కట్టి తనే లాక్కెళ్తానని పంతం పట్టాడు. దానికి గీత కూడా పడకుండా సరస్సు చేర్చాలి. ఒక్కసారి, జన్మకి ఒక్కసారి, మామగారు తన పని చూసి బాగుందనాలి. ఆయన కోరిక అంతే. అంతకన్నా వంతెన ఇంకోటి కట్టడం తేలిక.

దూరప్రయాణమంటే ముందు చూసుకోవాల్సింది చక్రాల బేరింగులు. ఆ విషయం ఆయనకి బాగా తెలుసు. జాకీ పెట్టి ఒక చక్రం పైకి లేపాడు. చేత్తో తిప్పితే లోపల ఇసుక నమిలినట్టు గరగరమంది. చక్రం నడిమధ్యనుండే హబ్బు మీది రేకు మూత ఊడదీశాడు. పిన్ను లాగి, గంట్లున్న నట్టు తిప్పి, లోపలి బేరింగు బయటికి తీశాడు. గ్రీజు తేనెరంగులో ఉండాల్సింది పాలు కలిపినట్టు తెల్లబడింది. కాలవ నీళ్ళు లోపలికి దూరాయన్నమాట. ఆయన దాన్ని మామగారికి చూపించి, చూశారా, ఇలాగే వెళ్ళుంటే దారిలో చక్రం ఊడి పడవ బోర్లాపడేదన్నాడు. మామగారు గ్రీజుకేసి, అల్లుడికేసి చూసి ఊఁ అన్నాడు.

రోజంతా ఆ పనే. పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగాడు. గుంటలు పడ్డ బేరింగులు పారేసి కొత్తవి తెచ్చాడు. ముందుచూపున్న మనిషి కాబట్టి ఇంకో జత కూడా తెచ్చి జీపులో పెట్టాడు. అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగు అంచుని దానికేసి నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలికి పొంగేదాకా పట్టించాడు. వెనక రబ్బరు సీళ్ళు కూడా మార్చాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే ఆ రోజు కుళాయి కారుతోందని వచ్చినవాళ్ళని కారనివ్వండని పంపేశాడు. ఆయన నోట అలాంటి మాట వీధి మొదటిసారి విన్నది.

చివరికి మిగిలింది నట్టు. ఎంత బిగించాలి? ఆయన జీవితంలో ఈ ప్రశ్న రాలేదు. కానీ ఇది మామగారి పడవ కాబట్టి, ఒకసారి అడిగితే పోయేదేముందని లారీల మెకానిక్‌కి ఫోన్ చేశాడు. మెకానిక్ ఏదో లారీ కింద పడుకుని ఉన్నాడు. మధ్యలో సుత్తి దెబ్బలు. "బిగించి వదిలెయ్ బాబాయ్. అంతే" అని అరిచి పెట్టేశాడు.

బిగింపు బాబాయ్ మనసు నిండిపోయింది. ఇన్నాళ్ళకి తెలిసినవాడొకడు తన పద్ధతిని మెచ్చుకున్నాడు. బిగించు, ఇక దాని జోలికి పోకు! ఇంతకన్నా మంచి మాట ఉంటుందా? స్పానరు పెట్టి, పిడికి పైపు తొడిగి, దాని మీద ఒంటికాలు వేసి బిగించాడు. పిన్ను దూరే రంధ్రానికి నట్టు గంటు ఎదురుగా రాకపోతే వెనక్కి తిప్పలేదు, ముందుకే ఇంకాస్త తిప్పాడు. రెండో చక్రానికీ అదే మర్యాద చేశాడు. మూతలు కొట్టి, చేతులు కడుక్కుని, నిజంగానే వదిలేశాడు.

సాయంత్రం మామగారు వచ్చి చక్రం తిప్పి చూశాడు. అది కాస్త కదిలి, బద్ధకంగా ఆగిపోయింది. "చక్రం తిరగనంటోందే" అన్నాడు. కొత్త గ్రీజు మామయ్యా, నాలుగు ఊళ్ళు దాటితే అదే దారికొస్తుందని అల్లుడు సర్దిచెప్పాడు. మామగారు చిన్నల్లుడైతే అని మొదలుపెట్టి, కూతురు గుమ్మంలోకి రావడం చూసి మింగేశాడు.

తెల్లారాక బయల్దేరారు. జీపులో భర్త, భార్య, కిటికీ పక్కన మామగారు. ఆయన ముందున్న రోడ్డు చూడలేదు, మెడ తిప్పి పడవనే చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు పక్క టీ దుకాణం దగ్గర ఆగేసరికి ముందు ముక్కు ఎగబీల్చింది భార్య. ఏదో మాడుతోందంది. దుకాణంలో ఏదో అయ్యుంటుందన్నాడు ఈయన. ఇన్నేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ ముక్కు అది, దుకాణం మాడుకీ ఇంటి మాడుకీ తేడా తెలియదూ! ఆమె దిగి, పెనం కాగిందో లేదో చూసినట్టు చేతి వెనకవైపు హబ్బు దగ్గర పెట్టి చటుక్కున తీసేసుకుంది. ఎడమ చక్రం మూత అంచున సన్నగా పొగ తేలుతోంది.

బిగింపు బాబాయ్ ఒక్క ఉదుటున జీపు దిగాడు. మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఇవాళ మెకానిక్ లారీ కింద లేడు, తీరిగ్గా ఉన్నాడు.

"నట్టు బిగించాక వదిలావా బాబాయ్?"

"వదిలేశాను."

"ఎంత వదిలావు?"

"ఎంతేంటి, మొత్తం వదిలేశాను. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు."

మెకానిక్ నెమ్మదిగా, జబ్బుమనిషితో మాట్లాడినట్టు అన్నాడు. "వదిలెయ్ అంటే వదిలెయ్యమని కాదు బాబాయ్. వదులు చెయ్యమని."

"మరి వదులు చెయ్యమని చెప్పొచ్చు కదా."

"చెప్పేది నీకని గుర్తులేదు."

చక్రం తిప్పుతూ బిగించాలట, బేరింగు తన చోట కూర్చోడానికి. కూర్చున్నాక నట్టు వెనక్కి వదలాలట. మళ్ళీ ఉత్త వేళ్ళతో, ఆనీ ఆననట్టు తిప్పి, పిన్ను పెట్టెయ్యాలట. లోపల అటూ ఇటూ కదలడానికి వెంట్రుకవాసి ఆట ఉంటేనే చక్రం బతుకుతుందట. ఫోను గొంతు పెద్దది. దుకాణం బల్ల మీద కూర్చున్న మామగారికి ప్రతి మాటా వినపడింది. ఆయన టీ ఊదుకుంటూ తాగాడు. తిట్టుంటే అల్లుడికి అంత బాధ ఉండేది కాదు.

హబ్బులు చల్లారేదాకా ఆగి విప్పారు. ఎడమవైపు రోలర్లు నీలంగా కమిలిపోయాయి. కుడివైపువి ఎలాగో బతికిపోయాయి. జీపులో పెట్టుకున్న కొత్త బేరింగులు అక్కరకొచ్చాయి. మళ్ళీ గ్రీజు, మళ్ళీ నట్టు. మెకానిక్ చెప్పినట్టే బిగించి వెనక్కి తిప్పాడు. వదులు చెయ్యడం కోసం స్పానరు పట్టుకోవడం ఆయనకి కొత్త, చెయ్యి ఎదురుతిరిగింది. ఇక వేళ్ళతో ఆనించాలి. ఆనించాడు. ఇంకొక్క పిసరు బిగిద్దామని స్పానరు కోసం పక్కకి తడిమితే అది కనపడలేదు. భార్య దాన్ని కింద వేసుకుని కూర్చుంది.

"వేళ్ళతో అన్నాడు" అంది ఆమె. "ఇక చాలు."

ఆయన దొంగలా ఒకసారి స్పానరు వైపు చూసి, పిన్ను పెట్టేశాడు. మామగారు లేచి వచ్చి చక్రం తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది, చాలాసేపు తిరిగింది. ఆగేదాకా ఆయన చూస్తూ నిలబడి, వెళ్ళి జీపులో కూర్చున్నాడు. ఆ తర్వాత దారిలో ఆగిన ప్రతిచోటా భార్య హబ్బు మీద అరచెయ్యి ఆనించేది. పసిపిల్ల ఒంటి వేడి మించి ఎప్పుడూ లేదు. అయినా బిగింపు బాబాయ్ ప్రాణం ప్రాణంలో లేదు. ఇక ఆ ఒక్క మాట ఈ జన్మకి వినే యోగం లేదని తేలిపోయింది.

సరస్సు దగ్గర చిన్నల్లుడు ఒడ్డునే నిలబడి ఉన్నాడు, అదే నవ్వుతో. వెంటనే ట్రైలర్‌ని నీళ్ళలోకి తోసేద్దాం అన్నయ్యా అన్నాడు. బిగింపు బాబాయ్ ఒప్పుకోలేదు. వేడిగా ఉన్న హబ్బు నీళ్ళలో పెడితే లోపలికి నీళ్ళు పీల్చుకుంటుంది, చల్లారనివ్వాలన్నాడు. చిన్నల్లుడు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

పడవ నీళ్ళలోకి జారింది. జారీ జారగానే పలకల సందుల్లోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. బిగింపు బాబాయ్ జీపు వైపు పరుగెత్తబోయాడు, సందుల్లో కూరడానికి ఏదైనా తేవాలని. "కారనియ్" అన్నాడు మామగారు. చెక్క నీళ్ళు తాగితే ఉబ్బి అదే మూసుకుంటుందట. జీవితమంతా కారడం మీద యుద్ధం చేసిన మనిషి మొహం పక్కకి తిప్పుకుని నిలబడాల్సి వచ్చింది.

పడవ తాడు ఇంకా మామగారి చేతిలోనే ఉంది. చిన్నల్లుడు చెయ్యి చాచాడు. "ఇలా ఇచ్చి వదిలెయ్యండి మామయ్యా, నేను చూసుకుంటాను" అన్నాడు.

మామగారు తాడు ఇవ్వలేదు. పెద్దల్లుడి వైపు తిరిగాడు. "ఈయన చెప్పేది ఏ వదిలెయ్ అల్లుడూ?"

బిగింపు బాబాయ్ ముసలాయన పిడికిలి చూశాడు. పడవ పీక పట్టుకున్నట్టే ఉంది అది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి తన చేతిలాంటిదేనని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. మామగారు రెండడుగులు వేసి తాడు కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"నువ్వు కట్టు."

"ఎంత గట్టిగా కట్టమంటారు మామయ్యా?" బుద్ధి వచ్చిన మనిషి కాబట్టి అడిగాడు.

"నీ చేతికి ఎంత వస్తే అంత."

మర్నాడు పొద్దున షికారుకి జనం వచ్చారు. చెక్క తాగాల్సినంత తాగింది, ఊట ఆగింది. చిన్నల్లుడు గుంజ దగ్గర కూర్చుని ముడి విప్పుతున్నాడు. గోళ్ళతో లాగాడు, మేకు దూర్చాడు, పళ్ళతో పట్టాడు. నవ్వు ఎప్పుడో పోయింది. పెద్దల్లుణ్ణి పిలుచుకొచ్చారు. ఆయన కూడా పట్టుపట్టాడు గానీ విప్పడం ఆయన విద్య కాదు. పోనీ కోసేద్దామని ఎవరో కత్తి తీస్తే మామగారు అరిచినంత పని చేశాడు. తాడు తనదట, తను బతికుండగా కత్తి పడడానికి వీల్లేదట. ఆ పైన హాయిగా ఒడ్డున కూర్చుని, అక్కణ్ణించి ఎక్కడికీ పోలేని తన పడవని చూస్తూ టీ తాగాడు.

వచ్చినవాళ్ళలో ఒకరు ఇదేం ముడండీ బాబూ అన్నారు.

"మా పెద్దల్లుడు కట్టాడు" అన్నాడు మామగారు. "అది రాదు."

అది మెప్పో, పడవ ఇంకొకరి చేతికి పోకుండా ముసలాయన పన్నిన పన్నాగమో భార్యకి ఇట్టే అర్థమైంది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన ట్రైలర్ పక్కన చతికిలబడి, చల్లగా ఉన్న హబ్బు మీద చెయ్యి వేసి, వేడెక్కిందేమోనని పదే పదే తడుముతున్నాడు. కళ్ళు తుడుచుకుంటే మొహానికి గ్రీజు అంటుకుంది. ఆయన ఆ మాటని ప్రేమగానే తీసుకున్నాడు. ఈసారి పొరపాటు పడలేదు.